సెల్లార్ నుంచి పైకి

(ఈ వారం మూడే ఉత్తరాలు. మొదటిది పొడుగ్గా ఉంది, కత్తిరించబుద్ధి కాలేదు. మిగతావాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.)

ప్రశ్న: మేడమ్, పుస్తకం గురించి రాద్దామని మొదలుపెట్టాను, రాస్తూ రాస్తూ ఇంటి విషయం అయిపోయింది, ఏమనుకోకండి. మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో టోని మారిసన్ 'బిలవెడ్' కనిపించింది. 120కి ఇచ్చాడు. వెనక అట్ట మీద తల్లి, కూతురు, దయ్యం అని చూసి తీసేసుకున్నాను. నాకు హారర్ అంటే ఇష్టం. మా తమ్ముడికీ నాకూ కుదిరేది ఆ ఒక్క విషయంలోనే. చిన్నప్పుడు వారాసిగూడ ఇంట్లో కరెంటు పోతే చాలు, వాడు దుప్పటి కప్పుకొని వచ్చి నా మీద పడేవాడు.

వాడు పోయి పద్నాలుగు నెలలైంది. బండి యాక్సిడెంట్. అప్పటికి మేము నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్‌కి మారి ఏడాది కూడా కాలేదు. నాలుగో అంతస్తు, అద్దె ఇల్లే. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చినప్పుడు పైకి తీసుకెళ్లనివ్వలేదు. లిఫ్టులో పట్టదన్నారు, మెట్ల మీద నుంచి అయితే పిల్లలు భయపడతారన్నారు, చివరికి ఓనరు కూడా ఫోన్ చేసి అదే మాట చెప్పాడు. సెల్లార్‌లో మా పార్కింగ్ స్లాట్ ఉంటే అక్కడ, రెండు కార్ల మధ్య పడుకోబెట్టాం. నేల మీద ఇంజిన్ ఆయిల్ మరక ఉంది, అమ్మ దాన్ని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. అది పోయే మరక కాదు. మూడు గంటల్లో తీసుకెళ్లిపోయాం.

వాడు పైకి రాలేదు కాబట్టి ఇంకా వెళ్లలేదంటుంది అమ్మ. "కిందనే ఉన్నడు బిడ్డా, పైకి రమ్మని ఎవ్వలు పిల్వలే" అంటుంది. వాడి ఫోన్‌కి నెలనెలా నాతోనే రీఛార్జ్ చేయిస్తుంది. రాత్రి పదకొండు దాటాక కిందికి దిగి, ఆ స్లాట్‌లో నిలబడి వాడి నంబరుకి ఫోన్ చేస్తుంది, కాలర్ ట్యూన్ వినడానికి. ఫోనేమో పైన వాడి గదిలో చార్జింగ్‌లో ఉంటుంది. పక్క గదిలో నేను పుస్తకం పట్టుకొని ఉంటాను. పుస్తకంలో చనిపోయిన పిల్ల తిరిగొచ్చి తల్లిని కొద్దికొద్దిగా తినేస్తూ ఉంటుంది, ఇటు గోడ అవతల ఫోన్ మోగుతూ ఉంటుంది. ఒక రాత్రి ఇంక నా వల్ల కాక పుస్తకం తీసుకెళ్లి బాల్కనీలో పెట్టొచ్చాను, గదిలో ఉంచుకోలేక. మర్నాడు మళ్లీ తెచ్చుకొని పూర్తి చేశాను లెండి.

పోయినవాళ్లని పట్టుకొని వేలాడితే వాళ్లు మనల్ని తినేస్తారు, వదిలెయ్యాలి, నవల చెప్పేది ఇదే అని నాకు అర్థమైంది. అందుకే రీఛార్జ్ ఆపేద్దామా అనుకుంటున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే "నన్ను ఎర్రగడ్డ తీస్కపోతవా" అని, పిచ్చాసుపత్రికే అనుకొని, ఏడుపు. నాన్న ఏమీ మాట్లాడడు, టీవీ సౌండ్ పెంచుతాడు. చుట్టాలు పెద్దకర్మ తర్వాత మళ్లీ రాలేదు. ఈ నవల అమ్మకి కథలా చెప్తే మంచిదా, చెడ్డదా? లేకపోతే నేనే అందులో లేనిది చదువుకున్నానా?
— పేరు వద్దు, నిజాంపేట

జవాబు: చివరి ప్రశ్నకి ముందు చెప్తాను. లేనిదేమీ చదువుకోలేదు గానీ, ఉన్నదాంట్లో సగం వదిలేశారు. బాల్కనీ నుంచి తెచ్చుకున్నాక చివరి పేజీలు గబగబా తిప్పేసి ఉంటారని నా అనుమానం. భయం వేస్తే నేనూ అదే చేస్తాను.

చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1873, అమెరికాలో సిన్సినాటి ఊరి చివర ఒక ఇల్లు. సెథ అనే తల్లి, పద్దెనిమిదేళ్ల కూతురు డెన్వర్. సెథ బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన మనిషి. పద్దెనిమిదేళ్ల కిందట యజమాని మనుషుల్ని వెంటబెట్టుకొని వెతుక్కుంటూ వచ్చేస్తే, పిల్లల్ని మళ్లీ ఆ నరకానికి పంపలేక, ఇంకా రెండేళ్లు నిండని కూతుర్ని తన చేతులతోనే చంపుకుంది. ఆ పసిదాని దయ్యం ఇంట్లోనే ఉంటుంది. చూస్తుండగానే అద్దం పగులుతుంది, కేకు మీద రెండు చిట్టి చేతుల అచ్చులు పడతాయి, ఇలాంటివి చూసి చూసి మగపిల్లలిద్దరూ ఇల్లొదిలి పారిపోతారు. ఆ తర్వాత ఒకరోజు, ఆ పిల్ల బతికుంటే ఎంత వయసుండేదో అంత వయసున్న అమ్మాయి వచ్చి ఇంటి ముందు చెట్టు మొద్దు మీద కూర్చుని ఉంటుంది. నవల 1987లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ వచ్చింది, 1993లో రచయిత్రికి నోబెల్.

దీని వెనక నిజంగా జరిగిన సంగతి ఒకటుంది. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే ఆమె గడ్డకట్టిన ఒహాయో నది దాటి కెంటకీ నుంచి పారిపోయి, దొరికిపోయే క్షణంలో కూతుర్ని చంపింది. మారిసన్ నవల అంకితం బానిస వ్యాపారంలో పోయిన ఆరు కోట్ల మందికి, ఆ పైవాళ్లకి. ఇది ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, మీ అమ్మగారు సెథ కారు. అంత చరిత్రని తెచ్చి మన ఇంటి కొలతలకి కుట్టించుకుంటే ఇద్దరికీ అన్యాయమే.

అయినా మీ ఉత్తరం చదువుతుంటే నాకూ ఆ పుస్తకమే గుర్తొచ్చింది, మీకు గుర్తొచ్చిన పేజీలు మాత్రం కావు. ఆ ఇంటికి మనుషుల రాకపోకలు ఎలా ఆగిపోయాయో చూశారా? సెథ వచ్చిన నెల తిరక్కముందే వాళ్లింట్లో ఒక విందు జరుగుతుంది. ఒకాయన ముళ్లలో దూరి, చేతులు గీరుకుపోయేలా రెండు బకెట్ల బ్లాక్‌బెర్రీలు కోసుకొచ్చి ఇస్తాడు. వాటితో ఏదో ఒకటి చేద్దామని సెథ అత్తగారు మొదలుపెడుతుంది. అది పెరిగి పెరిగి తొంభై మంది కడుపు నిండా తిన్న విందవుతుంది. తిని వెళ్లినవాళ్లకి తెల్లారేసరికి కడుపుమంట. ఈవిడకి ఎక్కడి నుంచి వచ్చిందింత, మనందరికీ పెట్టడానికి ఈవిడెవరు అని. అదే రోజు సెథని వెతుక్కుంటూ నలుగురు గుర్రాల మీద వస్తుంటే, పరుగెత్తుకెళ్లి ఆ ఇంట్లో ఒక మాట చెప్పినవాళ్లు లేరు. మన వాడకట్టుల్లో జరగని సంగతా ఇది? దయ్యం కన్నా నాకు ఇక్కడే ఒళ్లు జలదరించింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ గుమ్మం తొక్కినవాళ్లు లేరు. దయ్యం బలిసింది ఆ ఏళ్లలోనే.

మరి పోయిందెలా? తిరిగొచ్చిన పిల్ల తిండంతా తినేసి పొట్ట పెంచుకుంటుంది, సెథ ఎండిపోతుంది, ఇంట్లో గింజ ఉండదు. అప్పుడు, ఏళ్ల తరబడి ఒంటరిగా బయటికి అడుగుపెట్టని డెన్వర్, గుమ్మంలో నిలబడి వణికి వణికి చివరికి మెట్లు దిగుతుంది. చిన్నప్పుడు అక్షరాలు నేర్పిన టీచరమ్మ ఇంటికెళ్లి, పని కావాలి, తినడానికి లేదు అంటుంది. ఆ పిల్ల చేసింది అంతే. ఇక అక్కడి నుంచి వాళ్ల స్థలం అంచున ఎవరో ఒకరు ఏదో ఒకటి పెట్టిపోతుంటారు. ఒకరోజు సంచీలో చిక్కుడు గింజలు, ఒకరోజు బుట్టలో గుడ్లు. గిన్నె ఎవరిదో తెలియాలి కదా, కాగితం ముక్క మీద పేరు రాసి పెడతారు. రాయడం రానివాళ్లు గుర్తు గీస్తారు. ఆ గిన్నెలు తిరిగివ్వడానికి డెన్వర్ ఒక్కో ఇంటికీ వెళ్తుంది, వెళ్లినచోటల్లా రెండు మాటలు, వాళ్ల నాయనమ్మ గురించి ఒక జ్ఞాపకం. చివర్లో ముప్ఫై మంది ఆడవాళ్లు వచ్చి ఇంటి ముందు నిలబడి గొంతెత్తడం అందరికీ గుర్తుంటుంది, సినిమా సీన్‌లా ఉంటుంది కాబట్టి. నాకు మాత్రం ఆ గిన్నెలే గుర్తు.

మనకీ ఉంది కదా ఆ పద్ధతి. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు, పక్కవాళ్లు వండి తెస్తారు. మీరు వారాసిగూడలోనే ఉండుంటే, ఎదురింటావిడ చారూ అన్నం కలుపుకొచ్చి, వద్దన్నా వినకుండా మీ అమ్మగారి నోట్లో నాలుగు ముద్దలు పెట్టేది. మీకు చిరాకు కూడా వచ్చేది. మా నాన్న పోయినప్పుడు నాకు వచ్చింది. పది రోజులు ఇంటి నిండా జనం, చాయ్‌లు, చెప్పులు, వచ్చిన ప్రతివాళ్లూ "ఎట్లయింది" అని అడగడం, మళ్లీ మొదటి నుంచి చెప్పడం. ఏ పదకొండోసారో, ఏడుపు రాకుండా చివరిదాకా చెప్పేశానని గమనించి సిగ్గుపడ్డాను. అన్నిసార్లు చెప్పించేది అందుకేనేమో అని చాలా ఏళ్ల తర్వాత గానీ తోచలేదు నాకు.

పదో రోజు చెరువు గట్టు మీద పిండం పెట్టాం. కాకి రాలేదు. గంట, గంటన్నర. ఎండ నెత్తి మీదికి వచ్చింది. చివరికి ఒకటి వచ్చి రేకుల షెడ్డు మీద వాలింది, చూస్తోంది, దిగదు. మా చిన్నాన్న చేతులు జోడించి మొదలుపెట్టాడు. "అన్నా, బాకీలన్నీ నేను తీరుస్త." దిగలేదు. "చిన్నదాని పెళ్లి నాది జిమ్మ." దిగలేదు. వెనక నుంచి మా మేనత్త, "పొద్దుగాల చాయ్ లేకుంటె లేస్తడారా వాడు, చాయ్ పెట్టిండ్రా?" అంది. ఎవరో పరుగెత్తి రోడ్డు మీది హోటల్ నుంచి ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి ఆకు పక్కన పెట్టారు. కాకి దిగింది. నాకు ఇందులో నమ్మకం లేదు, బిస్కెట్లు చూసి దిగిందని నా లెక్క. కానీ ఆ గంటన్నర సేపు పదిహేను మంది, ఎండలో నిలబడి, చనిపోయిన మనిషిని గట్టిగా వరస పెట్టి పిలిచి, నీకేం కావాలి అని అడిగారు. చీకట్లో ఒక్కరే అడిగితే అది దయ్యం కథ. పట్టపగలు పదిహేను మంది అడిగారు కాబట్టి ఎవరికీ భయం వేయలేదు.

మీ తమ్ముణ్ని అలా అడిగేంత టైమ్ ఎవరిచ్చారు? మూడు గంటలు, అదీ రెండు కార్ల మధ్య. అందుకని మీ అమ్మగారు ఇప్పుడు రాత్రి పదకొండింటికి ఒక్కరే అడుగుతున్నారు. నాకైతే అది పిచ్చిలా కనపడలేదు. పగలు జరగాల్సిన పని రాత్రికి మిగిలిపోయింది, అంతే.

కాబట్టి రీఛార్జ్ ఆపకండి. ఆపితే ఆ నంబరు కొన్నాళ్లకి వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. ఒక రాత్రి సెల్లార్‌లో నిలబడి ఆవిడ చేస్తే, అవతల ఎవరో కొత్త గొంతు "ఎవరండీ" అంటే ఆ దెబ్బ తట్టుకోవడం కష్టం. ముందు ఆ కాలర్ ట్యూన్ ఇంకో ఫోన్‌లో రికార్డ్ చేసి దాచండి. ఎప్పుడు ఆపాలో ఆవిడే చెప్తారు.

డాక్టర్ విషయం కొట్టిపారేయను. ఏడాది దాటినా మనిషి మామూలు పనుల్లో పడలేకపోతే దాన్ని చికిత్స అవసరమైన దుఃఖంగా చూడాలని 2022లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోనూ చేర్చారు. తింటున్నారా, నిద్రపోతున్నారా, "నేనూ వాడి దగ్గరికే పోత" లాంటి మాటలు వస్తున్నాయా, ఈ మూడూ చూడండి. ఆ మూడో మాట వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. 14416, టెలీ మానస్, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఎర్రగడ్డ పేరు ఎత్తకుండా ఇంట్లో కూర్చునే మాట్లాడొచ్చు. ముందు మీరే మీ కోసం ఒకసారి చేయండి. గోడ పక్కన ఫోన్ మోగుతుంటే వింటూ పడుకునేది మీరు కదా.

నవల మొత్తం అమ్మకి చెప్పొద్దు. కొడుకు పోయిన తల్లికి, బిడ్డని చంపుకున్న తల్లి కథ ఏం చెప్తాం? కావాలంటే గిన్నెల సంగతి చెప్పండి. అసలు ఆ ముక్క చెప్పాల్సింది మీకు. పుస్తకమంతా మీరు మీ అమ్మని వెతుక్కున్నారు, మిమ్మల్ని వెతుక్కోలేదు. పక్క గదిలో కూర్చుని అంతా వింటున్న డెన్వర్ మీరే. వారాసిగూడ ఎంత దూరం? ఒక ఆదివారం వెళ్లండి, అబిడ్స్ మానేసి. పాత ఇంటి ఎదురింటావిడకి సెల్లార్ సంగతి, ఆయిల్ మరకతో సహా, మొదటి నుంచి చెప్పండి. "అమ్మ సరిగ్గ తింటలేదు, ఒక్కసారి రా అత్తా" అనండి. నలుగురు వస్తారు. చుట్టాలు రాలేదని రాశారు, మీలో ఎవరైనా రమ్మన్నారా? వాళ్లు మంచివాళ్లని నేననను, బ్లాక్‌బెర్రీలు తిని మొహం తిప్పుకున్న రకాలు మీ చుట్టాల్లోనూ ఉంటారు. అయినా పిలవండి.

పెత్రమాసకి పిలవండి. పోయినవాళ్ల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు, సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మ, జనం ఎలాగూ తిరుగుతుంటారు. వాడికి ఇష్టమైంది వండించండి. "పైకి రమ్మని ఎవ్వలు పిల్వలే" అన్నారు కదా ఆవిడ. పిలిస్తే సరి. వాడి ఫొటో ఒకటి పట్టుకుని అందరూ ఆ స్లాట్ దగ్గర నిలబడండి, అమ్మని పేరు పెట్టి పిలవనివ్వండి, అక్కడి నుంచి పైకి తీసుకురండి. లిఫ్టులో వద్దు, మెట్ల మీద, నాలుగు అంతస్తులూ. ఇది ఏ శాస్త్రంలోనూ ఉందని చెప్పను, ఆ రోజు ఎక్కనివ్వని మెట్లు కాబట్టి చెప్తున్నాను. ఫొటో నాన్నగారి చేతికివ్వండి, చేతులు ఖాళీగా ఉంటే రిమోట్ వెతుక్కుంటారు.

ప్రశ్న: ఈ మధ్య ఏ దయ్యం నవల తీసినా చివరికి "ఆ దయ్యం దుఃఖానికి ప్రతీక" అంటున్నారు. డబ్బులు వాపస్ అడగబుద్ధవుతోంది. కుటుంబం ఉండాలి, భయమూ వేయాలి, ప్రతీకలు వద్దు. ఒకటి చెప్పండి.
— దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పైన చెప్పిన నవలలో దయ్యం ప్రతీక కాదండీ, కూర్చోబెట్టి పెడితే తింటుంది. సరే, మీకు స్టీఫెన్ కింగ్ 'పెట్ సెమటరీ', 1983. కింగ్ కుటుంబం లారీలు దూసుకుపోయే రోడ్డు పక్కన అద్దెకున్నప్పుడు కూతురి పిల్లి ఆ రోడ్డు మీదే చచ్చిపోయింది. చిన్న కొడుకు కూడా ఒకసారి రోడ్డు వైపు పరుగు తీశాడు. కింగ్ వాణ్ని పట్టుకోగలిగాడు. పట్టుకోలేకపోయి ఉంటే అన్నదే నవల. రాశాక మరీ చీకటిగా ఉందని చాలాకాలం పక్కన పడేశాడు. రాత్రిపూట చదవండి, కానీ పసిపిల్లలున్నవాళ్లకి, బిడ్డని పోగొట్టుకున్నవాళ్లకి ఇవ్వకండి. ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు.

ప్రశ్న: నాన్నగారు పోయి ఐదు నెలలు. తెల్లవారుజామున ఐదింటికి ఆయన దగ్గు వినపడుతుంది, వెంటనే బాత్రూంలో బకెట్ జరిపిన చప్పుడు. లేచి చూస్తే ఎవరూ ఉండరు. ఆఫీసులో చెప్తే నవ్వుతారు, మా ఆవిడతో చెప్తే టెన్షన్ పడుతుంది. నాకేమైనా అవుతోందా?
— మలక్‌పేట

జవాబు: 1971లో డెవీ రీస్ అనే డాక్టరు వేల్స్‌లో తన చుట్టుపక్కల ఉన్న 293 మందిని, అంటే భర్తో భార్యో పోయినవాళ్లని, కూర్చోబెట్టి అడిగాడు. దాదాపు సగం మంది, 46.7 శాతం, పోయిన మనిషి ఇంట్లో ఉన్నట్టు అనిపించిందనో, కనిపించారనో, వినిపించారనో చెప్పారు. వాళ్లు పిచ్చివాళ్లేం కాదు, పనులు చేసుకుంటున్న మామూలు జనం. వాళ్లలో ఎక్కువమంది అప్పటిదాకా ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, మీలాగే, నవ్వుతారని. దగ్గు వినపడటం వల్ల మీకు భయమూ, నిద్ర పాడవడమూ లేకపోతే కంగారు పడకండి. ఆ గొంతు మీకు పనులు పురమాయించడం మొదలుపెడితే మాత్రం డాక్టరుతో మాట్లాడాలి.

ఒకటి గమనించారా, రీస్ అడిగింది కొడుకుల్ని కాదు, భార్యాభర్తల్ని. అమ్మగారు మీతోనే ఉంటే, ఐదింటికి ఆవిడ కూడా మెలకువగానే ఉంటారు. రేపు దగ్గు వినపడగానే బాత్రూం వైపు వెళ్లకండి, ఆవిడ మంచం దగ్గరికి వెళ్లి, "అమ్మా, విన్నావా" అని అడగండి.